మాట లేనప్పుడు నటుడు ఏం చేస్తున్నాడు?



నటన నేర్చుకోవాలనుకునేవాళ్లకు పెద్దలు ముందుగా చెప్పే సలహా, మంచి సినిమాలు చూడమని. ఈ రోజు నేను సినిమాలను పక్కన పెట్టి టెలివిజన్ నాటకాల గురించి చెబుతాను. సీరియల్ అనండి, ధారావాహిక అనండి, ఇప్పుడు ఫోన్లలో చూస్తున్న వెబ్ సిరీస్ అనండి, అన్నీ కలిపే మాట్లాడుతున్నాను. నేను పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసి, ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి, సీరియళ్లలో చిన్నాచితకా పాత్రలు చేస్తూ ఆడిషన్లకు తిరుగుతున్నాను. నటనే నా వృత్తి కావాలని నా కోరిక. అందుకని ఒక సీరియల్ చూడమని ఎవరికైనా చెప్పేటప్పుడు కథలో మలుపులెన్ని, చివరికి ఎవరు గెలిచారు అన్నవి నాకు తర్వాతి సంగతులు. నేను ముందుగా చూసేది వేరు. ఎదుటి పాత్ర మాట్లాడుతోంది, ఇతనికి డైలాగు లేదు. అప్పుడు ఇతను ఏం చేస్తున్నాడు?

ఈ ప్రశ్న నాకు ఆడిషన్ల దగ్గర పట్టుకుంది. అక్కడ ఒక పేజీ డైలాగు చేతికిస్తారు. గబగబా బట్టీ పట్టి కెమెరా ముందుకు వెళతాం. ఎదుటి పాత్ర మాటల్ని కెమెరా పక్కన నిలబడ్డ అసిస్టెంట్ డైరెక్టర్ చదువుతుంటారు. ఆయన చదివినంతసేపూ చాలామంది మొహాల్లో కనిపించేది, నా వంతు ఎప్పుడొస్తుందా అన్న ఎదురుచూపు. స్టేజి మీదైతే పదో వరసలో కూర్చున్నవాళ్లకు అది అందకపోవచ్చు. కెమెరా మాత్రం పట్టేస్తుంది. రెండు గంటల సినిమాలో ఎడిటింగ్ కొంత కాపాడుతుంది. గంటల తరబడి, నెలల తరబడి ఒకే మొహాన్ని దగ్గరగా చూపించే టెలివిజన్‌లో దాక్కునే చోటు ఉండదు. వినడం ఎవరికి వచ్చో, ఎవరికి రాదో అక్కడ తేటతెల్లంగా తెలిసిపోతుంది.

అందరికంటే ముందు నేను చూడమనేది 'తమస్'. భీష్మ సాహ్ని హిందీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీశారు. 1988లో దూరదర్శన్‌లో వచ్చింది. దేశ విభజనకు కాస్త ముందు పంజాబ్‌లో చెలరేగిన మతకలహాల కథ. ప్రసారం ఆపించాలని కొందరు కోర్టుకెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆపాల్సిన పనిలేదని కోర్టు తేల్చింది. నాలుగైదు గంటల నిడివి. ఒక్కసారిగా చూడలేం, చూడకూడదు కూడా. మనసు తట్టుకోదు.

కథ మొదలవడమే ఓంపురితో మొదలవుతుంది. ఆయన పాత్ర పేరు నత్థూ. తోళ్ల పని చేసుకునే పేదవాడు. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి ఒక కాంట్రాక్టరు అతనికి పందిని చంపే పని పురమాయిస్తాడు. నత్థూకు ఆ పని అలవాటు లేదు, కాదనే ధైర్యమూ లేదు. రాత్రి వేళ, ఇరుకు కొట్టం, చిన్న వెలుగు, ఎదురుగా పంది. చాలాసేపు నడిచే ఆ దృశ్యంలో మాటలు దాదాపు లేవు. పంది ఎటు కదిలితే ఓంపురి ఒళ్లు అటు సర్దుకుంటుంది. అది ఆగితే ఆయన ఆగుతారు. మధ్యలో అలసట వస్తుంది, కోపం వస్తుంది, ఆ జంతువునే బతిమాలుకుంటున్నట్టు ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ ముందే అనుకుని మొహం మీదకు తెచ్చుకున్నట్టు కనిపించదు. ఎదుటి నటుడి నుంచి ఏమీ అందలేదని మనం తరచూ చెప్పుకుంటూ ఉంటాం. ఓంపురికి ఎదురుగా ఉన్నది పంది. అయినా ఆయన దాన్ని చూశారు, విన్నారు, దానికి బదులిచ్చారు. తెల్లవారాక ఒక పంది కళేబరం మసీదు మెట్ల మీద కనిపించిందన్న వార్త పాకి, ఊరు రగులుకుంటుంది. ఆ తర్వాత నత్థూ భుజాల మీద ఎంత బరువు పడిందో ఓంపురి నడకలోనే చూడొచ్చు.

అదే 'తమస్'లో రాజో అనే పాత్ర ఉంది. ఊళ్లో దాడులు జరుగుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచి వచ్చిన ముసలి సిక్కు దంపతులు ఒక ముస్లిం ఇంటి తలుపు తడతారు. ఆ ఇంటి మగవాళ్లు దాడులు చేస్తున్న గుంపుతోనే వెళ్లారు. ఇంట్లో ఉన్నది ఇల్లాలు రాజో. ఆ వేషం సురేఖా సిక్రీది. తలుపు దగ్గర ఆమె ఇద్దరి మాటా వింటుంది. లోపలికి రానివ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ వినడంలోనే జరుగుతుంది. కళ్లలో జాలి ఒలకబోయరు, భయం ప్రదర్శించరు. ఒక పల్లెటూరి గృహిణి లెక్క వేసుకుంటున్నట్టు ఉంటుంది. ఎవరు ఎప్పుడు తిరిగొస్తారు, ఏం జరగొచ్చు, వీళ్లను పంపేస్తే ఏమవుతుంది. ఆ లెక్క అంతా మనకు అర్థమవుతుంది, ఒక్క మాటా చెప్పకుండా. ఈ పాత్రకు ఆమెకు ఉత్తమ సహాయనటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఎదురుగా ఉన్న ముసలి దంపతులూ తక్కువవాళ్లు కారు. భార్య వేషం దీనా పాఠక్, భర్త వేషం నవల రాసిన భీష్మ సాహ్నీయే. తను రాసిన బాధలోకి తనే నడిచి వచ్చిన రచయితను చూడటం ఎక్కడో గానీ దొరకదు.

సురేఖా సిక్రీ పేరు చెబితే మన ఇళ్లలో గుర్తు పట్టకపోవచ్చు. 'చిన్నారి పెళ్లికూతురు'లో బామ్మ అంటే పట్టేస్తారు. 2008లో హిందీలో మొదలైన 'బాలికా వధు'ను తెలుగులోకి డబ్బింగ్ చేసి మా టీవీలో వేశారు. కల్యాణీదేవి అనే ఆ బామ్మను తిట్టుకుంటూ, ఆమె కోసమే టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎంతమందో. నటులు కాదలచినవాళ్లకు నేను చెప్పేది, 'తమస్' చూసిన వారంలోనే ఈ సీరియల్ కొన్ని ఎపిసోడ్లు చూడమని. ఒకచోట ఆమె చుట్టూ చీకటి, నిశ్శబ్దం. ఇంకోచోట హోరెత్తే నేపథ్య సంగీతం, ఒకే మాటకు నలుగురి మొహాల మీద తిరిగే కెమెరా. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నేర్చుకున్న మనిషి డైలీ సీరియల్‌కు వచ్చి స్థాయి తగ్గించుకోలేదు. కనుబొమ కొంచెం ఎక్కువ ఎత్తారేమో గానీ, వినడం ఆపలేదు. కోడలు మాట్లాడుతుంటే ఆ బామ్మ జపమాల పట్టుకున్నా, వక్క నములుతున్నా చెవి అక్కడే ఉందని మనకు తెలుస్తూనే ఉంటుంది.

తెలుగులో ఆమె గొంతు ఆమెది కాదు. అందుకే ఇది మరీ మంచి పాఠం. శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఆమె ఎవరి మీద కోపంగా ఉందో, ఎవరి దగ్గర తగ్గుతోందో అప్పటికీ అర్థమవుతుంది. తర్వాత తెర వైపు వీపు తిప్పి కూర్చుని శబ్దం ఒక్కటే వినండి. డబ్బింగ్ ఆర్టిస్టు ఎంత కష్టపడుతున్నారో అప్పుడు తెలుస్తుంది. మరొకరి పెదవుల కదలికకు, మరొక భాష పొడవుకు మన మాటను కుదించి, అందులోనే ఊపిరి పెట్టాలి. రేడియో నాటకం మీద పెరిగిన శ్రోతలకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. గొంతు ఒక్కటే ఒక మనిషిని నిలబెట్టగలదని మీకు ముందే తెలుసు.

ఇప్పటి తెలుగు సీరియళ్లలోనూ చాలామంది నాయికా నాయకులు కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చినవాళ్లు. 'కార్తీక దీపం' 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచింది. అది మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'కు రీమేక్. అక్కడా ఇక్కడా నాయిక ప్రేమీ విశ్వనాథే. మనందరికీ వంటలక్క. ఒకే పాత్రను రెండు భాషల్లో, ఏళ్ల తరబడి మోయడం ఎంత ఓపికో సెట్ మీద నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది. పొద్దున ఒక ఎపిసోడ్‌లో పెళ్లి సీను, మధ్యాహ్నం ఇంకో ఎపిసోడ్‌లో ఆసుపత్రి సీను తీస్తారు. డైలాగు అప్పటికప్పుడు వస్తుంది. ప్రాంప్టింగ్ చెప్పేవాళ్లు కెమెరా వెనక నుంచి లైను అందిస్తుంటారు. చెవి అక్కడ, చూపు ఎదుటి నటి మీద, మనసు పాత్రలో. ఈ మూడూ ఒకేసారి నడపగలిగేవాళ్లను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సీరియల్ నటన అనగానే పెదవి విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. సీరియళ్లలో రాత బలహీనంగా ఉండొచ్చు. అత్తాకోడళ్ల కుట్రలు నాకూ విసుగే. ఆ రాతను మోస్తూ కూడా నిజం పలికించేవాళ్లున్నారు, వాళ్లను గౌరవించాలి.

రాత కూడా బాగుంటే ఎలా ఉంటుందో చూడాలంటే మంజులా నాయుడు తీసినవి వెతుక్కోండి. దూరదర్శన్‌లో వచ్చిన 'ఋతురాగాలు', తర్వాత జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు'. పాత్రలు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటాయి. ఒకరు మాట్లాడితే ఇంకొకరికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి ఇవ్వడం దర్శకురాలి పని, దాన్ని నింపడం నటుల పని.

ఇక హాస్యం. నా దృష్టిలో తెలుగు టెలివిజన్ నటులకు ఇచ్చిన పెద్ద పాఠ్యపుస్తకం 'అమృతం'. గుణ్ణం గంగరాజు సృష్టి. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. ఎపిసోడ్లు 300 పైచిలుకు. ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతుంది. అందులో ప్రధాన పాత్ర అమృతరావుకు ఉన్నట్టుండి ఒక ఐడియా తడుతుంది. దాన్ని ఆవేశంగా చెప్పుకుపోతాడు. పక్కన స్నేహితుడు ఆంజనేయులు వింటూ ఉంటాడు. ఆ ఆంజనేయులు గుండు హనుమంతరావు. నవ్వు పుట్టేది అమృతరావు మాటల్లో సగమైతే, అంజి వినడంలో సగం. మొదట అనుమానం, తర్వాత ఇది కొంప ముంచుతుందన్న గ్రహింపు, ఆ తర్వాత స్నేహితుణ్ణి కాదనలేక ఒప్పుకోవడం. మూడు మెట్లూ ఆయన మొహంలో ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి. ఏదీ ముందుగా రాదు. హాస్యంలో టైమింగ్ అంటే డైలాగు ఎప్పుడు వదలాలన్నదే అనుకుంటాం. గుండు హనుమంతరావును చూస్తే, ఎదుటి డైలాగులో ఏ మాట దగ్గర మనకు విషయం అర్థమైందన్నది కూడా టైమింగే అని తెలుస్తుంది. 2018లో ఆయన వెళ్లిపోయారు. ఆయన చేసిన సినిమా వేషాలు ఎన్ని ఉన్నా, నాకు ఆయన అంజిగానే గురువు.

'అమృతం'లో ఇంకో అదృష్టం ఉంది. అమృతరావు పాత్రను ఒకరి తర్వాత ఒకరు వేశారు. శివాజీరాజా వేశారు, నరేష్ వేశారు, ఎక్కువ కాలం హర్షవర్ధన్ వేశారు. వాళ్లు నడిపే అదే హోటలు, అదే అంజి, అక్కడ పనిచేసే అదే సర్వం, అదే ఇంటి ఓనరు అప్పారావు. మధ్యలో ఉన్న మనిషి మారాడు. ముగ్గురివీ మూడు ఎపిసోడ్లు తీసుకుని వరసగా చూడండి. శివాజీరాజా అమాయకత్వం ఒక రకం, నరేష్ కంగారు ఇంకో రకం, హర్షవర్ధన్ తన ఐడియా మీద తనకున్న నమ్మకం మరో రకం. ఎవరిది బాగుందన్న వాదనలోకి నేను దిగను. నాకు ఆసక్తి ఏమిటంటే, అమృతరావు మారినప్పుడల్లా అంజి కూడా కొద్దిగా మారాడు. ఎదుటివాడు వేరైతే మన బదులూ వేరవ్వాలి. వింటున్నామనడానికి ఇంతకంటే రుజువు ఏముంటుంది?

ఇటీవలి తెలుగులో ఒకటి చెప్పాలంటే, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్'. దర్శకుడు ఆదిత్య హాసన్. లెక్కల మాస్టారిగా శివాజీ, ఆయన భార్యగా వాసుకి. 'తొలిప్రేమ'లో పవన్ కల్యాణ్ చెల్లెలిగా వేసిన వాసుకిని ఇన్నేళ్ల తర్వాత అమ్మ పాత్రలో చూస్తాం. పిల్లలు మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఏదో పని చేస్తూనే ఉంటాయి. వంట, బట్టలు, వడ్డన. ఏ మాటకు ఆ చేతులు ఆగాయో గమనించండి. పిల్లల పాత్రలు వేసినవాళ్లు కూడా కెమెరా ఉందన్న స్పృహ లేకుండా ఉంటారు. ఇంట్లో అందరితో కలిసి నవ్వుతూ చూడటానికి ఇది చాలా మంచిది. 

పాత దూరదర్శన్ వాటిలో ఇంకో రెండు. శంకర్ నాగ్ కర్ణాటకలోని అగుంబెలో తీసిన 'మాల్గుడి డేస్'లో స్వామి అనే కుర్రాడి తండ్రిగా గిరీష్ కర్నాడ్‌ను చూడండి. గొంతు పెంచకుండా ఇంటిని శాసించే తండ్రి ఆయన. రెండోది గుల్జార్ తీసిన 'మీర్జా గాలిబ్'. 1988లో వచ్చింది. నసీరుద్దీన్ షా గాలిబ్. గుల్జార్ ఆ కవి మీద సినిమా తీయబోతున్నారని విని, ఆ పాత్రకు తగినవాణ్ణి నేనేనంటూ తాను విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే ఉత్తరం రాశానని నసీర్ స్వయంగా చెప్పుకున్నారు. ఆ సినిమా జరగలేదు. ఏళ్లు గడిచాక టెలివిజన్‌లో ఆ పాత్ర ఆయనకే వచ్చింది. ముషాయిరాలో తన వంతు రాకముందు ఇతరుల కవిత్వం వింటున్న గాలిబ్‌ను చూడండి. మెచ్చుకోలు, అసూయ, విసుగు, మర్యాద అన్నీ కూర్చున్న తీరులోనే ఉంటాయి.

వెబ్ సిరీస్‌ల కాలంలో నన్ను కుదిపేసింది 2020లో వచ్చిన 'పాతాళ్ లోక్'. జైదీప్ అహ్లావత్ అందులో హాథీరామ్ చౌధరీ అనే ఢిల్లీ ఇన్‌స్పెక్టర్. అందరూ ఆయన గురించే మాట్లాడతారు, ఆ మాటలకు ఆయన అర్హుడే. పై అధికారి ముందు నిలబడ్డప్పుడు ఒంట్లోకి వచ్చే ఆ కుంగుబాటు, ఇంట్లో కొడుకు ముందు తెచ్చిపెట్టుకునే ఆ పెత్తనం, రెండూ ఒకే మనిషివని మనం నమ్ముతాం. నేను మాత్రం మిమ్మల్ని ఇష్వాక్ సింగ్‌ను చూడమంటాను. ఆయన పాత్ర ఇమ్రాన్ అన్సారీ. సివిల్స్‌కు చదువుకుంటున్న కుర్ర పోలీసు. స్టేషన్‌లో తోటివాళ్లు అతని మతం గురించి అలవోకగా మాట విసురుతుంటారు. అన్సారీ ఏమీ అనడు. ఏమీ అనకుండా ఉండటం ఎన్ని రకాలుగా ఉండగలదో అక్కడ చూడాలి. ఒకసారి వినపడనట్టు కాగితాలు తిప్పుతాడు. ఒకసారి పలుచగా నవ్వుతాడు. మనకు కడుపు రగిలిపోతుంది, అతని మొహం మీద రెప్ప కూడా అదరదు. ప్రేక్షకుడికి కోపం రావాలంటే నటుడు కోప్పడాల్సిన పని లేదని ఈ పాత్ర చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

జైదీప్ అహ్లావత్‌తో పాటు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే బ్యాచ్‌లో చదివిన విజయ్ వర్మ మన హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. ఇక్కడే నాటకాలు వేసి పుణె వెళ్లారు. తెలుగులో ఆయన్ను నాని 'ఎంసీఏ'లో విలన్‌గా చూశారు. 2023లో వచ్చిన 'దహాడ్'లో ఆయన వేసిన ఆనంద్ స్వర్ణకార్ హంతకుడన్న సంగతి మనకు త్వరలోనే తెలిసిపోతుంది. కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరర్, కొడుకును ముద్దు చేసే తండ్రి. ఆ మామూలుతనాన్ని ఎక్కడా చెడగొట్టకుండా వేశారు. ఆడవాళ్లు తమ బాధ చెప్పుకుంటుంటే అతను ఎంతో శ్రద్ధగా వింటాడు. ఇక్కడ వినడమే వల. మంచి శ్రోతగా కనిపించడం ఎంత భయంకరంగా ఉండగలదో అనుకుంటూ చూశాను. హైదరాబాద్‌లో సాయంత్రం రిహార్సల్‌కు వెళ్లే ఏ కుర్రవాడికైనా, ఏ అమ్మాయికైనా, ఇక్కడి స్టేజి మీది నుంచి అక్కడిదాకా దారి ఉందని చెప్పడానికి నేను ఈ పేరే తలుచుకుంటాను.

చివరిగా మన దేశం బయటి నుంచి ఒకటి. ఇంగ్మార్ బెర్గ్‌మన్ స్వీడన్ టెలివిజన్ కోసం 1973లో తీసిన ఆరు భాగాల నాటకం. ఒక పెళ్లి జీవితంలోని సన్నివేశాలు అన్న అర్థం వచ్చే పేరు దానిది. దాదాపు మొత్తం ఇద్దరే, లివ్ ఉల్‌మన్, ఎర్లాండ్ జోసెఫ్‌సన్. గదులు, మంచం, భోజనం బల్ల, రెండు మొహాలు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒకసారి చదువుతూ చూడండి. కథ తెలిశాక అక్షరాలు వదిలేసి మొహాలే చూస్తూ ఇంకోసారి చూడండి. మూడో భాగంలో భర్త వచ్చి, నేను వేరే అమ్మాయిని ప్రేమించాను, వెళ్లిపోతున్నాను అని చెబుతాడు. భార్య అరవదు. అతని ప్రయాణానికి పెట్టె సర్దడంలో సాయం చేస్తుంది. లివ్ ఉల్‌మన్ చేతులు అలవాటైన పని చేసుకుపోతుంటే, మొహానికి జరిగిందేమిటో ఇంకా అందుతూ ఉంటుంది. ఇదే నాటకాన్ని అమెరికాలో 2021లో ఆస్కార్ ఐజాక్, జెస్సికా చాస్టెయిన్‌లతో మళ్లీ తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మంచిదే, ముందు బెర్గ్‌మన్‌ది చూడండి.

మీరు నటన నేర్చుకుంటున్నట్టయితే, ఆ మూడో భాగం చూశాక ఒక స్నేహితుణ్ణి పిలిచి, ఆ సందర్భాన్ని మీ సొంత తెలుగులో చేయండి. మన పేర్లు, మన ఇల్లు, మన మాటలు పెట్టుకోండి. భర్త బట్టల బీరువా దగ్గర నిలబడి చెబుతుంటాడు, భార్య బట్టలు మడతపెడుతూ ఉంటుంది. నిజంగానే ఒక పెట్టె, నాలుగు జతల బట్టలు తెచ్చుకోండి. మడతపెట్టేవాళ్లకు మొదటిసారి ఒక్క డైలాగూ ఇవ్వకండి. చేసింది ఫోన్‌లో తీసుకుని, మాట్లాడినవాళ్లను వదిలేసి, మడతపెట్టినవాళ్లనే చూడండి. తర్వాత మడతపెట్టినవాళ్లు మాట్లాడాలి, మాట్లాడినవాళ్లు మడతపెట్టాలి. మా బృందంలో మేం ఇదే చేస్తున్నాం. ఏ మాట దగ్గర చొక్కా చేతిలో ఆగాలి అన్నదాని మీద మాకు ఇప్పటికీ వాదన తెగలేదు. రేపు సాయంత్రం మళ్లీ చేస్తాం.